సహజ కుటుంబ నియంత్రణ: భర్తలతో కొన్ని మాటలు

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున దంపతుల కూటములో ఒక పాస్టరుగారు చేసిన ప్రసంగ పాఠము)



నాకు ఇచ్చిన అంశము సహజ పద్ధతులలో కుటుంబ నియంత్రణ. ఇది స్త్రీల కూటములో మాట్లాడవలసిన సంగతి కదా, మగవారి ఎదుట ఎందుకని ఒక పెద్దాయన నన్నడిగినారు. నా ప్రసంగమంతయు ఆయనకు జవాబే అనుకొనండి. ఈ పద్ధతులు స్త్రీ దేహములో జరుగు మార్పులమీద ఆధారపడినవి, నిజమే. కాని వాటిని నిలబెట్టునదియు, పడగొట్టునదియు భర్తయే.

మొదట మన రాష్ట్రపు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకొన్నవారు. మగవారి ఆపరేషన్లు నూటికి ఒకటి కూడ లేవు. మాత్రలు, కాపర్-టి వాడువారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది. దీని భావమేమనగా, పెండ్లి అయిన నాటినుండి రెండవ కాన్పు వరకు మన ఇండ్లలో ఏ పద్ధతియు లేదు. రెండవ బిడ్డ పుట్టగానే ఆపరేషన్. చిత్తూరు, తిరుపతి చుట్టుప్రక్కల మన సంఘములలో ఇరువది రెండు, ఇరువది మూడేండ్లకే ఈ వరుస అంతయు ముగిసిన చెల్లెండ్రు ఎందరో ఉన్నారు. ఆపరేషన్‌ను నేను తప్పు పట్టుట లేదు, అది ఎందరో తల్లుల ప్రాణములు కాచినది. బిడ్డకు బిడ్డకు నడుమ ఎడము సంగతి ఎవరును పట్టించుకొనలేదన్నదే నా బాధ. కాన్పు అయిన తరువాత మరల గర్భము ధరించుటకు కనీసము 24 నెలలు ఆగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మన రాష్ట్రములో సగముకంటె ఎక్కువమంది స్త్రీలకు రక్తహీనత ఉన్నదని అదే సర్వే చెప్పినది. రక్తము పట్టకముందే మరల చూలాలైన తల్లి ఎంత నలిగిపోవునో మీ ఇండ్లలో మీరే చూచియుందురు.

మగవారు ఇందునుండి ప్రక్కకు తప్పుకొనుటకు ఒక చరిత్ర కూడ కలదు. ఎమర్జెన్సీ కాలమున, 1976-77 ఒక్క సంవత్సరములోనే దేశములో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగినవి, వాటిలో ఎక్కువ పాలు పురుషులవి. ఆ బలవంతము పుట్టించిన భయముతో మగవారు వెనుదీసినారు, భారమంతయు ఆడవారిమీద పడినది. ప్రభుత్వముల లెక్కలు మారుచుండును. ఇద్దరికంటె ఎక్కువమంది పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో నిలువరాదన్న నిబంధనను మన శాసనసభ 2024 నవంబరులో తీసివేసినది. నిన్నటివరకు తక్కువ కనుమన్నవారే నేడు ఎక్కువ కనుమనుచున్నారు! దంపతుల లెక్క మాత్రము దంపతులే వేసుకొనవలెను.

రోమన్ కతోలిక సంఘము 1968లో పోపు ఆరవ పౌలుగారి లేఖ ద్వారా కృత్రిమ పద్ధతులను నిషేధించి, సహజ పద్ధతులను అనుమతించినది. ఆంగ్లికన్ బిషప్పులు అంతకు ముందే, 1930 లాంబెత్ సభలో, కొన్ని షరతులతో ఇతర పద్ధతులకు కూడ తలుపు తెరచిరి. మనకు నిషేధమేమియు లేదు గనుక ఈ పద్ధతులను నేను ఆజ్ఞగా చెప్పుట లేదు. తెలిసికొనవలసిన జ్ఞానముగా చెప్పుచున్నాను.

ఇవి పరదేశమునుండి వచ్చినవని అనుకొనవద్దు. ఆషాఢము రాగానే క్రొత్త కోడలిని పుట్టింటికి పంపు వాడుక ఎందుకు వచ్చినది? ఆ మాసమున గర్భము నిలిచినచో మండుటెండలలో కాన్పు వచ్చునని పెద్దలు చెప్పుదురు. తమిళము మాటలాడు మన సహోదరుల ఇండ్లలో ఆడి మాసమునకు ఇదే పద్ధతి. క్రైస్తవులమైనను ఆషాఢము రాగానే కూతురిని పిలుచుకొని వచ్చు కుటుంబములు మనలో లేకపోలేదు! తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళి, బిడ్డతో నెలలు గడచిన తరువాత తిరిగి వచ్చుటయు అటువంటిదే. ఎడబాటు చేత ఎడము కలుగునని మన అవ్వలకు తెలుసును.

తల్లిపాల సంగతి కూడ వారికి తెలుసును. కాని దానికి మూడు షరతులున్నవి. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లికి మరల ముట్టు కనబడకూడదు, బిడ్డకు రాత్రింబగళ్ళు తల్లిపాలు తప్ప మరేమియు పెట్టకూడదు. ఈ మూడును ఉన్నంతకాలము గర్భము నిలువకుండుట నూటికి 98 పాళ్ళు నిశ్చయమని 1988లో ఇటలీలోని బెల్లాజియోలో కూడిన శాస్త్రజ్ఞులు తేల్చినారు. నీళ్ళు, తేనె, ఆముదము, డబ్బాపాలు మొదలుపెట్టిన ఇంట ఈ రక్షణను నమ్ముకొనరాదు. ఏడవ నెలలో కూడ పాలిచ్చుచున్నాను గనుక భయము లేదనుకొని మోసపోయినవారు చాలమంది.

ఇక దినముల లెక్క. మన పల్లెలలో తలస్నానము చేసిన దినమునుండి లెక్కపెట్టుదురు. అది తప్పు. ముట్టు కనబడిన మొదటి దినమే ఒకటవ దినము. స్నానమైన వెంటనే గర్భము నిలుచునని, నెల నడుమ భయము లేదని అనేకులు నమ్ముదురు. ఇది పూర్తిగా తలక్రిందులు. మనవారిని నవ్వనక్కరలేదు, పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా వైద్యులును ఇదే చెప్పుచుండిరి. 1920లలో జపానులో ఓగినో, ఆస్ట్రియాలో క్నాస్ అను వైద్యులు వేరువేరుగా అసలు సంగతి కనుగొనిరి. అండము విడుదలగుట రాబోవు ముట్టుకు సుమారు పదునాలుగు దినముల ముందు. గడచిన ముట్టునుండి కాదు, రాబోవు ముట్టునుండి వెనుకకు లెక్కింపవలెను. 28 దినములకు ముట్టగు స్త్రీకి ఇంచుమించు 14వ దినము, 32 దినముల స్త్రీకి 18వ దినము. అండము ఒక్క దినముకంటె ఎక్కువ బ్రతుకదు. పురుష బీజకణములు అయిదు దినములవరకు బ్రతుకగలవు. అందుచేత నెలలో గర్భము నిలుచుటకు అవకాశమున్నవి సుమారు ఆరు దినములు. చిక్కేమనగా, రాబోవు ముట్టు ఎప్పుడో ముందుగా ఎవరికి తెలుసును? జ్వరము, మనోవ్యథ, ప్రయాణము, ఇవన్నియు లెక్క తప్పించును. ఇప్పుడు సెల్‌ఫోనులో దినములు చూపు యాప్‌లు వచ్చినవి. దినములు మాత్రమే అడుగునదైతే అదియు ఊహయే.

అందుచేత దేహము ఇచ్చు గుర్తులను చూచు పద్ధతి వచ్చినది. మెల్‌బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్, ఎవలిన్ బిల్లింగ్స్ అను వైద్య దంపతులు దీనిని ప్రచారము చేసిరి. అండము విడుదలగు దినములు సమీపించగా స్త్రీకి పచ్చిగుడ్డు తెల్లసొనవలె నిర్మలమై, జారుచు, తీగవలె సాగు తేమ కనబడును. ఇక్కడ చెల్లెండ్రు జాగ్రత్తగా వినవలెను. దీనిని తెల్లబట్ట జబ్బని భయపడి మందుల షాపులకు పరుగెత్తువారున్నారు. వాసన, దురద, పసుపు లేక పచ్చరంగు ఉన్నచో అది జబ్బు, వైద్యురాలికి చూపింపవలెను. అవి లేకుండ నెల నడుమ కొద్ది దినములు వచ్చి పోవునది ఆరోగ్యమునకు గుర్తు. ఈ ఒక్క సంగతి తెలిసినను మన ఆడబిడ్డలకు సగము భయము తీరును. దీనికి తోడు ఉదయము పడకనుండి లేవకముందు వేడిమి చూచుకొను పద్ధతియు కలదు. అండము విడుదలైన తరువాత దేహపు వేడిమి స్వల్పముగా, సుమారు అయిదింట ఒక వంతు డిగ్రీ సెల్సియస్, పెరిగి అట్లే నిలుచును. శ్రీసిటీ కంపెనీలలో రాత్రి షిఫ్టు చేయు చెల్లెండ్రకు ఇది కుదరదు. నిద్ర సరిగా లేనప్పుడు ఆ కొలత నమ్మదగినది కాదు.

ఈ పద్ధతులకు మన దేశము ఒక పరీక్షా స్థలమన్న సంగతి చాలమందికి తెలియదు. గాంధీగారు 1935 డిసెంబరులో వార్ధాలో అమెరికా దేశస్థురాలు మార్గరెట్ శాంగర్‌గారితో మాటలాడినప్పుడు, కృత్రిమ సాధనములను ఒప్పుకొనకపోయినను, దినములు చూచుకొను పద్ధతిని అంతగా త్రోసివేయలేదు. అందులో కొంత నిగ్రహమున్నదని ఆయన తలంపు. స్వాతంత్ర్యము తరువాత తొలి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్‌గారు. క్రైస్తవ కుటుంబమున పుట్టిన గాంధేయురాలు. ఆమె కోరగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో అబ్రహాము స్టోన్ అను వైద్యుని పంపినది. ఢిల్లీ లోడీ కాలనీలోను, మైసూరు రాజ్యమున రామనగరములోను పరీక్షా కేంద్రములు పెట్టిరి. పలమనేరు, కుప్పము వైపు పట్టుపురుగులు పెంచు మన రైతులకు రామనగరము పట్టుగూళ్ళ సంత తెలిసినదే గదా, ఆ ఊరే. చదువురాని స్త్రీలకొరకు రంగుపూసల దండలిచ్చి, దినమునకొక పూస జరుపుమని చెప్పిరి. చీకటిలో రంగు తెలియలేదట. కొందరు దానిని తాయెత్తువలె భావించి, దండ ఉన్నది గనుక గర్భము రాదనుకొనిరట. నేర్చుకొందుమన్నవారు చాలమంది, విడువక పాటించినవారు కొద్దిమంది. ఆడవారి అజ్ఞానమువలననే అది చెడినదని చాలకాలము ఈ కథను హాస్యముగా చెప్పుచుండిరి. నాకు ఆ మాట రుచించదు. దండ ఇచ్చినది భార్యకు. ఆ దండ వద్దన్న దినమున భర్త వినెనా అని అడిగినవారెవరు?

తరువాతి పరీక్షలు నా మాటకే సాక్ష్యమిచ్చుచున్నవి. 1970ల చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ బిల్లింగ్స్ పద్ధతిని అయిదు దేశములలో పరీక్షించెను. వాటిలో మన బెంగుళూరు ఒకటి. నూటికి తొంబదిమందికి పైగా స్త్రీలు మొదటి నెలలోనే గుర్తులను పోల్చుకొనగలిగిరి. చదువురానివారు కూడ. అయినను గర్భములు నిలిచినవి. ఎక్కువ భాగము గుర్తు తెలియక కాదు, తెలిసియుండియే నియమము దాటుటవలన! కాబట్టి లోపము ఆడవారి తెలివిలో లేదు.

ఆ పూసల దండ ఇప్పుడు మరియొక రూపమున తిరిగి వచ్చినది. అమెరికాలోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయము వారు 32 పూసలతో దీనిని చేసిరి, జార్ఖండ్‌లో మాలాచక్రమను పేరున ఇచ్చిరి. 26 మొదలు 32 దినములలోపల క్రమముగా ముట్టగువారికి మాత్రమే ఇది పనికివచ్చును. ఎనిమిదవ దినము మొదలు పంతొమ్మిదవ దినమువరకు, పండ్రెండు దినములు, దూరముగా ఉండవలెను. 2002లో ప్రకటించిన ఫలితముల ప్రకారము నియమము తప్పక పాటించిన నూరు జంటలలో ఏడాదికి సుమారు అయిదుగురికి, సామాన్యముగా పాటించినవారిలో పండ్రెండుమందికి గర్భము నిలిచినది. ఈ అంకెలను నేను దాచను. మరియొక గర్భము తల్లి ప్రాణమునకే ముప్పని డాక్టరు చెప్పిన ఇంట దీనిమీద ఆధారపడకూడదు. కాపర్-టి, మాత్రలు, మూడు నెలలకొక ఇంజెక్షను ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా దొరకును, ఆశా కార్యకర్తను అడుగవచ్చును. సహజ పద్ధతులు సుఖవ్యాధులనుండి, ఎయిడ్స్‌నుండి కాపాడవనియు గుర్తుంచుకొనవలెను.

మరి ఎవరికి కుదరదు? బెంగుళూరులో కట్టడపు పని చేసి నెలకు రెండు దినములు ఇంటికి వచ్చు భర్తకు, ఆ రెండు దినములు ఏ పూసమీద పడునో ఎవరు చెప్పగలరు? కువైట్‌నుండి రెండేండ్లకొకసారి సెలవుపై వచ్చువారి సంగతియు అంతే. సాయంకాలము త్రాగి వచ్చు ఇంట పన్నెండు దినముల నియమము మాట దేవుడెరుగు. ఒక పల్లె కూటములో ఈ సంగతులు చెప్పుచుండగా వెనుక కూర్చున్న ఒక అక్క లేచి, "అయ్యగారూ, ఇదంతా మాకు చెప్తే ఏం లాభం? పోయి మా ఇంటాయనకు చెప్పండి" అన్నది. అందరు నవ్విరి. ఆమె నవ్వలేదు.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయమును మగవారు తరచు తమ హక్కుకొరకు చూపుదురు. అక్కడ భర్త దేహముపై భార్యకు కూడ అంతే అధికారమున్నదని ఆయన వ్రాసినది చదువరు. కొంతకాలము ఎడముగా ఉండుట ఇద్దరి సమ్మతితోనే జరుగవలెనని కూడ అక్కడనే ఉన్నది. సమ్మతి అనగా ఒకరు చెప్పగా రెండవవారు తలయూపుట కాదు. పెండ్లి ప్రకటనలు చదువుటకు ముందు నాయొద్దకు వచ్చు వరులను ఈ మధ్య నేను ఒక ప్రశ్న అడుగుచున్నాను: "ఆమె వద్దన్న దినమున నీవేమి చేయుదువు, నాయనా?" చాలమంది నేల చూచుదురు. ఇంతవరకు ఎవరును వారినట్లు అడిగినట్లు లేదు.

ఇంకొక సంగతి. ఈ లెక్క బిడ్డలు వద్దనువారికే కాదు, కావలెననువారికి కూడ. పెండ్లయి మూడేండ్లు కాకముందే గొడ్రాలని మాటలు పడు కోడండ్రు మన సంఘములలో ఉన్నారు. అప్పుచేసి ఆసుపత్రులకు తిరుగుదురు. ఫలవంతమైన ఆ ఆరు దినములేవో ఆ దంపతులకు ఎవరును చెప్పియుండరు. ఒక కాగితము, ఒక పెన్సిలు చాలును. అప్పటికిని బిడ్డ కలుగనియెడల పరీక్షకు ఇద్దరును పోవలెను. లోపము భర్తలోనే ఉన్న ఇండ్లు తక్కువేమియు కావు.

ఇంతటితో నా మాటలు ముగించుచున్నాను. ఇప్పుడు నర్సమ్మగారు స్త్రీలతో ప్రక్క గదిలో మాటలాడుదురు. పురుషులకు డాక్టరుగారు ఇక్కడనే పూసల దండ చూపి లెక్క నేర్పుదురు. టీ ఇచ్చునది ఆ తరువాతనే గనుక మగవారు దయచేసి ఎవరును బయటికి వెళ్ళవద్దని మనవి.