2.20 అంటే ఎంత?

కమిటీ వాళ్లు ఏఐ గురించి మాట్లాడమన్నారు. అది ఉద్యోగాలు తీస్తుందా, తెస్తుందా అన్నది నాకంటే టీవీ వాళ్లే బాగా చెప్తారు. నేను రోజూ చేసే పనిలోంచి ఒక చిన్న ముక్క చెప్తాను.

ఇప్పుడు ఏఐ ఏజెంట్లు వచ్చాయి. జవాబు చెప్పి ఊరుకోకుండా పని కూడా చేసిపెట్టే ప్రోగ్రాములివి. రికార్డు తెరవాలన్నా, దరఖాస్తు పంపాలన్నా వాటికి మేము టూల్స్ తయారుచేసి ఇవ్వాలి. ఒక్కో టూల్‌కు ఒక పేరు, అదేం చేస్తుందో వివరణ, దానికి అందించాల్సిన వివరాల జాబితా ఉంటాయి. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ విడుదల చేశాక ఈ రాతకు ఒక ఉమ్మడి పద్ధతి కూడా దొరికింది. టూల్ లోపల వేల లైన్ల కోడ్ ఉండొచ్చు. ఏజెంట్ మాత్రం మామూలుగా ఆ వివరణ చదివే ఏది వాడాలో తేల్చుకుంటుంది.

పట్టాదారు పాసుబుక్కు వివరాలు తెచ్చే టూల్ ఒకటి ఉందనుకోండి. వివరణలో ‘విస్తీర్ణం ఎకరాల్లో ఇస్తుంది’ అని రాశాం. పాసుబుక్కులో 2.20 అని ఉంది. ఈ హాల్లో ఎవరినడిగినా రెండెకరాల ఇరవై గుంటలు అంటారు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి రెండున్నర ఎకరాలు. ఏజెంట్ దాన్ని దశాంశంగా చదివితే రెండెకరాల ఎనిమిది గుంటలే అవుతుంది. పన్నెండు గుంటలు మాయం! రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 చొప్పున 30,000 రావాల్సిన చోట 26,400 అని చెప్తుంది. చాలా మర్యాదగా, ధీమాగా చెప్తుంది. విన్న రైతు అంతేనేమో అనుకుని ఇంటికి పోతాడు.

చివరి సున్నా రాలిపోయి 2.2 అయిందంటే ఇంకో చిక్కు. అది ఇరవై గుంటలా, రెండు గుంటలా? ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, అక్కడ 2.20 నిజంగానే దశాంశం. అందుకని గుంటూరు లెక్కలతో పరీక్షించి బాగుందనుకున్న టూల్ జనగామకు వచ్చేసరికి తప్పుతుంది. ‘చుక్క తర్వాతివి గుంటలు, 0 నుంచి 39 వరకు ఉంటాయి, దశాంశం కాదు’ అని రాయాలి. ఎకరాలు, గుంటలు వేర్వేరు గడుల్లో ఇస్తే ఇంకా మేలు. మా ఆఫీసు పిల్లలు కోడ్ చక్కగా రాస్తారు. గుంట అంటే మాత్రం వాళ్లలో చాలామందికి నీళ్ల గుంటే.

జిల్లాల సంగతీ అంతే. మనలో చాలామంది టీసీల మీద వరంగల్ జిల్లా అని ఉంటుంది. 2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. పాత టీసీని, కొత్త చిరునామాను పోల్చే ఏజెంట్‌కు ఈ ముక్క రాసివ్వకపోతే ‘వివరాలు సరిపోలలేదు’ అని దరఖాస్తు పక్కన పెడుతుంది. పాతవన్నీ వరంగలే అని రాసినా చాలదు. గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లోకి వచ్చాయి. ములుగు 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉంది. ఇక మానుకోట అన్నా మహబూబాబాద్ అన్నా ఒకటేనని, మహబూబ్‌నగర్ వేరేనని కూడా చెప్పాలి. నవ్వుతున్నారు గానీ, చెప్పాలి.

వివరణ పొట్టిగా ఉంటే గొప్ప అనుకునే ఇంజినీర్లు చాలామంది. నేనొప్పుకోను. టూల్ ఎప్పుడు వాడకూడదో కూడా అందులో ఉండాలి. పని జరగనప్పుడు ‘లోపం’ అని ఒక్క మాట తిప్పి పంపితే ఏజెంట్ మళ్లీ మళ్లీ అదే చేస్తుంది, లేదా ఊహించి చెప్తుంది. ‘ఈ పేరుతో ఒకటికి మించి ఊళ్లున్నాయి, మండలం అడుగు’ అని పంపితే అడుగుతుంది. వెంకటాపురాలు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పాలా?

మన బ్యాచుల్లో రెవెన్యూలో రిటైరైన వాళ్లున్నారు, మీసేవ నడిపేవాళ్లున్నారు, మార్కెట్ యార్డులో కాంటా చూసినవాళ్లున్నారు. కాగితం మీద ఒకటి ఉండి వాడుకలో ఇంకొకటి అయ్యేవి మీకు తెలిసినన్ని మాకు తెలియవు. భోజనాలయ్యాక పదో తరగతి గదిలో నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటాను. ఒక్కొక్కరు గుర్తొచ్చినవి రెండు చెప్పి వెళ్లండి. తెలుగు మేడమ్ కూడా వస్తే, మేము రాసిన వివరణలు చూపిస్తాను. ఎర్ర పెన్ను నేనే తెచ్చాను.