మాట చెప్పే హక్కు

(సైదాబాద్‌లో కొత్తగా చదువు నేర్చిన మహిళల కోసం ప్రసంగం)



సైదాబాద్ నుంచి మలక్‌పేట మీదుగా పోయి, చాదర్‌ఘాట్ వంతెన దాటితే కాచిగూడ వస్తుంది. ఆ దారి మీకు తెలిసిందే. ఆ కాచిగూడలో 1948లో ఒక పత్రికా సంపాదకుణ్ణి చంపేశారు. ఆయన దొంగతనం చేయలేదు. ఎవరినీ కొట్టలేదు. తన మనసులో మాట రాశారు. అంతే. ఆయన పేరు షోయబుల్లా ఖాన్.

అప్పుడు హైదరాబాద్‌ను నిజాం ఏలుతున్నాడు. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నిజాం మాత్రం తన రాజ్యాన్ని భారతదేశంలో కలపనన్నాడు. రజాకార్లు ఆయుధాలు పట్టుకుని ఊళ్ల మీద పడేవారు. సర్కారుకు నచ్చని పత్రికలు మూతపడేవి.

షోయబుల్లా ఖాన్ పనిచేసిన 'రయ్యత్' పత్రిక కూడా అలాగే మూతపడింది. ఆయన ఊరుకోలేదు. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక పెట్టారు. ఇమ్రోజ్ అంటే 'ఈ రోజు'. హైదరాబాద్ భారతదేశంలో కలవాలి, రజాకార్ల దౌర్జన్యం ఆగాలి అని రాశారు.

ముస్లిం అయినవాడు నిజాం వైపే ఉండాలని రజాకార్ల పట్టు. షోయబుల్లా ఖాన్ ఒప్పుకోలేదు. మతం వేరు, అభిప్రాయం వేరు. కులం చెప్పిందనో, ఇంటి పెద్ద చెప్పాడనో మన ఆలోచన మారిపోవాలా? ఎవరి బుర్ర వారికి లేదా?

1948 ఆగస్టు 21 రాత్రి ఆయన పని ముగించుకుని ఇంటికి వస్తున్నారు. దారిలో దాడి చేశారు. రాసే చేతిని నరికారు. తెల్లవారేసరికి ఆయన లేరు. అప్పటికి ముప్పై ఏళ్లయినా నిండలేదు. నెల తిరగకముందే, సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. చేయి నరికినా మాట చావలేదు.

ఇంగ్లండులో జాన్ స్టువర్ట్ మిల్ అనే తత్వవేత్త ఉండేవారు. స్వేచ్ఛ గురించి 1859లో ఒక పుస్తకం రాశారు. ఎదుటివాడి నోరు మూయిస్తే నష్టం మనకే అన్నది ఆయన వాదం. ఎందుకు? ఆ మాట నిజమైతే, నిజం మనకు దక్కదు. తప్పయితే, ఎందుకు తప్పో తేల్చుకునే అవకాశం పోతుంది. ఆడవాళ్లకు ఓటు కావాలని 1867లోనే అక్కడి పార్లమెంటులో అడిగిన మనిషి ఆయన. అప్పుడు వాళ్లు ఒప్పుకోలేదు.

మన దేశంలో 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. మాట్లాడే స్వేచ్ఛ, సభ పెట్టుకునే స్వేచ్ఛ, సంఘం కట్టుకునే స్వేచ్ఛ పౌరులందరికీ ఉన్నాయని 19వ అధికరణం చెబుతుంది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే హక్కు. అయితే దానికీ హద్దుంది. అబద్ధం చెప్పి ఒకరి పరువు తీయకూడదు. కొట్లాటకు ఉసిగొల్పకూడదు.

మరి ఈ హక్కు మన ఇంట్లోకి వచ్చిందా? "నీకేం తెలుసు, ఊరుకో" అన్న మాట వినని ఆడది ఉందా? ఓటు ఎవరికి వేయాలో ఇంట్లో ఎవరు చెబుతున్నారు? వాళ్లు చెప్పింది వినండి. మీరూ ఆలోచించండి. పోలింగు కేంద్రంలో అట్ట చాటున మీట నొక్కేది మీ వేలే. ఎవరికి వేశారో చెప్పమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఇంకొక్క మాట. మీ కోడలు మీకు నచ్చని మాట చెప్పిందనుకోండి. కసురుకోకండి. ముందు వినండి. మన మాటకు విలువ కావాలంటే ఎదుటివారి మాటకూ విలువ ఇవ్వాలి.

ఇప్పుడు మీకు చదువు వచ్చింది. పత్రిక చదవండి. నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. తప్పనిపించింది తప్పని చెప్పండి. ఆ మాట కోసం ఒకాయన ఈ ఊళ్లోనే ప్రాణం ఇచ్చాడు.