చేతిదీపముల వెలుగు – పోల్చి చూచు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున కావ్యములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను గురువునొద్ద కావ్యము చదివినవాడను గాను. పగలు పద్దులు వ్రాసికొని, సాయంత్రములందు ఈ అలమారులలోని పుస్తకములను కూడబలుకుకొని చదివినవాడను. కావున కావ్యములను పండితులకు విడిచి, లెక్కలు వ్రాయువాడు చెప్పదగిన సంగతి యొకటి చెప్పుదును. అది టార్చిలైటు సంగతి. నవ్వకుడు. దీని వెనుక ఒక మనుష్యుని ప్రాణమున్నది.

వేదాంత గ్రంథములలో రజ్జుసర్పభ్రాంతి యని యొక దృష్టాంతము కలదు. మసక వెలుతురున తాడును చూచి పామని భ్రమపడుట దాని తాత్పర్యము. మా యింట జరిగినది దానికి తలక్రిందులు. రెండేండ్ల క్రిందట వానకాలమున నా తమ్ముడు రాత్రివేళ మోటారు కట్టివేయుటకు పొలమునకు పోయి, గట్టుమీద పామును చూచి మోకు అనుకొని కాలు మోపెను. వేళకు ఆసుపత్రికి చేర్చితిమి. విరుగుడు మందెక్కించిరి. దైవానుగ్రహమున బ్రతికెను. అతని చేతిలోని లైటు నేను కొని యిచ్చినదే. పెట్టెమీద 10,000 ల్యూమెనులని అచ్చువేసి యుండెను. పట్టణములో ఒక అంగడియందు రెండు లైట్లను ప్రక్కప్రక్కన పెట్టి, అంకె యెక్కువగా నున్నదానిని ఏరి కొంటిని. అంకెలే జీవనోపాధిగా గలవాడనయ్యును ఆ అంకెను తనిఖీ చేయనైతిని. ఆ సిగ్గే నాకీ విషయమును నేర్పినది.

నా మేనల్లుడు హైదరాబాదులో అమీరుపేటయందు కాపురమున్నాడు. ఆ పేరు మీలో పెక్కుమందికి తెలియును. మన పిల్లలు కంప్యూటరు కోర్సులు నేర్చుకొనుటకై పోయి, మైత్రీవనము చుట్టుపట్ల హాస్టళ్లలో దిగు చోటు అది. 2017 నవంబరులో మెట్రోరైలు నడిచినది మొదలు రెండు మార్గములు కలిసికొను స్టేషనును అదియే. పంజాగుట్ట దాని ప్రక్క స్టేషను. కొందరు తపాలాబిళ్లలు కూర్చినట్లు మా మేనల్లుడు టార్చిలైట్లు కూర్చును. అవి అంగడిలో రాసులుగా అమ్మునవి కావు. అమెరికా మున్నగు దేశములలో కొందరు పనివారు టైటానియము, రాగి, ఇత్తడి కడ్డీలను లేతుపై తరిగి, కొద్ది సంఖ్యలో చేసి అమ్ముదురు. ఒకదాని ఒడలిలో ట్రిటియము నింపిన సన్నని గాజుగొట్టము పొదిగి యున్నది. అది బ్యాటరీ లేకయే మిణుగురువలె మెరయును. పండ్రెండేండ్లకు పైచిలుకు గడచునప్పటికి దాని వెలుగు సగమగును. టైటానియము లైటు వెల విని నేనొక పాడి ఆవును తలచుకొంటిని.

నేను తమ్ముని సంగతి చెప్పగా విని, "మామయ్యా, అంకె చూసి లైటు కొనకూడదు. అది వేసే వెలుగు చూసి కొనాలి. వెలుగులు పోల్చాలంటే రాత్రిపూట ఫోటో తియ్యాలి" అనెను. కన్ను చాలదా యని అడిగితిని. చాలదని పిమ్మట తెలిసికొంటిని.

కన్ను గొప్ప ఇంద్రియమే కాని మంచి సాక్షి కాదు. చీకటికి అది పూర్తిగా అలవాటుపడుటకు అరగంట వరకు పట్టును. వెలుగును నాలుగింతలు చేసినను కంటికి రెండింతలైనట్లే తోచును. నిన్నటి దీపమును నేటి దీపముతో పోల్చు జ్ఞాపకము దానికి లేదు. రఘువంశమున ఇందుమతీ స్వయంవర ఘట్టమందలి దీపశిఖ యను ఉపమానము మీరు వినియే యుందురు. దానివలననే ఆ కవికి దీపశిఖా కాళిదాసు అను పేరు కలిగినది. దీపము ముందుకు సాగగానే వెనుకటి మేడ చీకటిపాలగును. కంటి తీర్పును అట్టిదే. ఛాయాచిత్రము మాత్రము ఆ వెనుకటి మేడను కాగితముపై నిలిపి యుంచును.

తొలిరాత్రి అమీరుపేటలో వారి డాబాపై నాలుగు లైట్లతో కూర్చుంటిమి. మొదటిది మా నాయనగారి నాటి మూడు బ్యాటరీల బల్బు టార్చి. రెండవది నేను కొన్న 10,000 ల్యూమెనుల ఘనకార్యము. మూడవది టైటానియముది. నాలుగవది అల్యూమినియము ఒడలుగల సామాన్యమైన లైటు. దాని వెల రైతు భరింపగలది. యజమాని అనుమతి పొంది, ప్రక్క డాబా నీళ్లట్యాంకు గోడపై ఒక్కొక్క లైటును వేసి, నా సెల్‌ఫోనుతో ఫోటోలు తీసితిని. నాలుగును ఇంచుమించు సమానముగా వచ్చినవి! మా నాయనగారి టార్చి టైటానియముతో సరితూగినది.

కారణమేమనగా, ఫోను తనంతట తానే వెలుగును సవరించును. మసకగా నున్నచో ఎక్కువసేపు కన్ను తెరచును. మిక్కిలి వెలుగున్నచో వెంటనే మూసికొనును. నీలిరంగును, పసుపురంగును కూడ తెలుపునకు దగ్గరగా తెచ్చివేయును. బీదవాని పద్దును భాగ్యవంతుని పద్దును ఒకే మొత్తమునకు సరిపెట్టి చూపు గుమాస్తా వంటిది అది. దీనికి తోడు వీధిదీపములు, కోర్సుల బోర్డుల వెలుగులు గోడపై పడుచుండెను. ఏది ఎవరి వెలుగో విడదీయుట అసాధ్యమైనది. నేను లైటును ఆకసమువైపు త్రిప్పబోగా మేనల్లుడు వారించెను. బేగంపేట విమానాశ్రయము ఆ ప్రక్కనే కలదు. ప్రయాణీకుల విమానములు 2008 మార్చిలో శంషాబాదునకు తరలినను, అక్కడ విమానముల రాకపోకలు పూర్తిగా నిలిచిపోలేదు. విమానము నడుపువాని కంటిలో వెలుగు కొట్టుట మహాపరాధము.

హైదరాబాదునకు ఛాయాచిత్రకళ క్రొత్తది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువున పేరుగాంచిన రాజా లాలా దీన్ దయాళ్ (1844–1905) గాజుపలకలపై చిత్రములు తీసెను. ఆనాటి కెమేరా తానేమియు నిర్ణయింపదు. ఎంత వెలుగు లోనికి రావలెను, ఎంతసేపు రావలెను అనునది మనుష్యుడే లెక్కించి ఏర్పరుపవలెను. మేమును ఆ పాతపద్ధతికే పోవలసి వచ్చినది. అనగా కెమేరా సొంత తెలివిని కట్టివేయుట.

మరునాటి రాత్రి పంజాగుట్టలో ఒక వాణిజ్యభవనము సెల్లారులోనికి, ఆ యజమాని అనుమతితో దిగితిమి. అది బండ్లు నిలుపు చోటు. అంగళ్లు మూసి, బండ్లన్నియు వెడలిపోయి, దీపములార్పిన పిమ్మట కాటుకవంటి చీకటి. స్తంభములు ఆరు మీటర్లకొకటి చొప్పున ఒక వరుసలో పది యున్నవి. ప్రతిదానిపైనను అంకె వ్రాసి యున్నది. టేపుతో కొలిచి చూచితిమి. మాకొరకే పాతిన కొలబద్దవలె నుండెను. మొదటి స్తంభము ప్రక్కన నేలపై ఒక పాత మోకును చుట్టచుట్టి పడవైచితిని. అది నా కోరిక.

పద్ధతి యిది. కెమేరాను ముక్కాలి స్టాండుపై కదలకుండ నిలిపితిమి. టార్చిని ప్రతిసారియు ఒకే చోట, నడుమెత్తున పెట్టితిమి. ఐ.ఎస్.ఓ. 400, అపెర్చరు ఎఫ్ 4, షట్టరు ఒక సెకను, రంగు పగటి వెలుగునకు స్థిరము. ఇవి నాలుగు లైట్లకును మారలేదు. మారునది లైటు ఒక్కటే. మొదట ఏ లైటును వేయక ఒక ఫోటో తీసితిమి. అది పద్దులో ప్రారంభపు నిల్వ వంటిది. అది నల్లగా వచ్చినది గనుక పరాయి వెలుగు లేదని రూఢియైనది. ప్రతి లైటునకును వెలిగించిన 30 సెకనులకు ఒకటి, 5 నిమిషములకు ఒకటి తీసితిమి. వెలుగు మిక్కుటమై నడిబొట్టు తెల్లగా మాడిపోయిన చోట సెకనులో 8వ వంతు కాలముతో మరియొకటి తీసితిమి.

ఫలితములు చెప్పుటకు ముందు రెండు మాటల అర్థము తెలియవలెను. ల్యూమెను అనగా లైటునుండి అన్ని దిక్కులకును వెలువడు వెలుగు మొత్తము. క్యాండెలా అనగా ఒక దిక్కున పోవు ధార యొక్క బిగువు. నీళ్లగొట్టపు మూతిని వ్రేలితో నొక్కినచో నీరు పెరుగదు, ధార దూరము పోవును. లోతైన నున్నని అద్దపుగిన్నె ఆ వ్రేలి పని చేయును. గరుకు గిన్నెయైనచో ధార మెత్తబడి ప్రక్కలకు పరచుకొనును. 2009లో అమెరికాలో ఏర్పరచిన ఎఫ్.ఎల్. 1 అను ప్రమాణము ప్రకారము, వెలుగు పున్నమి వెన్నెలంతకు, అనగా పావు లక్సుకు తగ్గు చోటువరకే ఆ లైటు దూరము. క్యాండెలాల వర్గమూలమును రెట్టింపు చేసిన మీటర్లలో దూరము వచ్చును. 10,000 క్యాండెలాలకు 200 మీటర్లు. 400 మీటర్లు కావలెనన్నచో 40,000 క్యాండెలాలు కావలెను. దూరము రెట్టింపునకు ఖర్చు నాలుగింతలు.

ఇక చిత్రములు. మా నాయనగారి టార్చి పసుపువన్నెతో, నడుమ చిల్లు, చుట్టును వలయములు పడి, నాలుగవ స్తంభము దాటలేదు. నేను కొన్న లైటు పదవ స్తంభముపై అంకెను దివ్యముగా చూపినది. కాని మొదటి స్తంభము దగ్గర నేల నల్లగా నున్నది. ఆ నీలపు వెలుగులో మోకు రంగును, సిమెంటు రంగును ఒక్కటే. ఐదు నిమిషముల నాటి ఫోటోలో ఆ పదవ అంకెయు మసకబారినది. టైటానియము లైటు వెలుగు కడిగిన ముత్యమువలె నున్నది. వలయములు లేవు, రంగులు యథాతథములు. కాని టైటానియము వేడిని అల్యూమినియముకన్న ఎన్నోరెట్లు తక్కువగా ప్రసరింపజేయును. ఒడలు త్వరలో కాగి, దానిలోని యంత్రము తానే వెలుగు తగ్గించుకొనినది. వెలగల లోహము మేలైన లోహమని చెప్పరాదు. నాలుగవదగు సామాన్యపు లైటు ఏడవ స్తంభము దాటలేదు. అయినను దాని లేతపసుపు వెలుగు పాదములనుండి ఇరుప్రక్కలకును పరచుకొని, మోకు పురిని సైతము స్పష్టముగా చూపినది.

ఆ నాలుగు చిత్రములను వరుసగా చూచుచు నేను చాలసేపు మాటలాడలేకపోయితిని. నా తమ్ముడు ఆ రాత్రి దూరపు మోటారుషెడ్డును పట్టపగలువలె చూచి యుండును. కాలిక్రింద నున్నదానిని చూచి యుండడు. నేను కొని యిచ్చినది దూరము చూపు దీపము; అతనికి కావలసినది దారి చూపు దీపము.

ఆ 10,000 అంకె సంగతి కూడ లెక్క కట్టితిమి. మంచి ఎల్.ఇ.డి. ఒక వాటుకు సుమారు 120 ల్యూమెనులిచ్చుననుకొనుడు. 10,000 ల్యూమెనులకు 83 వాట్లు కావలెను. అందులోనున్నది 18650 అను ఒక్క సెల్లు. అది దాచగలది సుమారు 12 వాట్‌గంటలు. తొమ్మిది నిమిషములైనను నిండకయే సెల్లు ఖాళీ కావలెను. అంతకు ముందే చేయి కాలవలెను. రెండును జరుగలేదు గనుక అంకె అబద్ధము. మూసిన గదిలో తెల్లని పైకప్పునకు లైటును వేసి, కెమేరాను కదల్పక ఫోటోలు తీసినచో మొత్తము వెలుగులను స్థూలముగా పోల్చవచ్చును. 600 ల్యూమెనులని తయారీదారు తెలిపిన టైటానియము లైటుతో పోల్చగా నాది అందులో సగమునకు వచ్చినది. పదివేలు మున్నూరైనది! ఈ లెక్క కాగితము, కలము, మూడవ తరగతి భాగాహారము మాత్రమే కోరును. కొనకముందే నేను చేయవలసినది.

సంక్రాంతికి మేనల్లుడు మన యూరు వచ్చినప్పుడు చెరువుకట్టపై మరల అట్లే ఫోటోలు తీసితిమి. గడ్డిలోను, తుమ్మ ఆకులలోను కూడ సెల్లారు తీర్పే నిలిచినది. కావున నేను గ్రహించినది మూడు మాటలలో చెప్పుదును. కాలినడకకు పరచుకొను వెలుగు, లేతవన్నె కలది కొనుడు. దూరపు ధార తోట కావలివానికే. పెట్టెమీది ల్యూమెనులను సెల్లు శక్తితో భాగించి చూడుడు. అమ్మువాడు చూపు ఫోటోలలో కెమేరా లెక్కలు నాలుగింటికిని ఒక్కటిగా వ్రాసి యుండనిచో ఆ ఫోటోలను నమ్మకుడు. మరియొక మాట: ఏ లైటు చేతనున్నను రాత్రి పొలమునకు బూట్లు, చేతికర్ర లేక పోకుడు. పాము కరచినచో మంత్రమునకు కాక ఆసుపత్రికి పరుగెత్తుడు.

పంజాగుట్టలో తీసిన చిత్రములను, చెరువుకట్టపై తీసినవానిని ఆల్బముగా కట్టి, ప్రతిదాని క్రింద కొలతలు వ్రాసి మన గ్రంథాలయమున ఉంచితిని. కార్యవర్గమువారి అంగీకారముతో నాలుగవ రకము లైట్లు రెండు కొని బీరువాలో పెట్టితిమి. రాత్రి పొలమునకు పోవు చందాదారులు పుస్తకమువలెనే రిజిష్టరులో సంతకము చేసి తీసికొనిపోవచ్చును. మరునాడు తిరిగి ఇచ్చునప్పుడు చార్జి పెట్టి ఇయ్యవలెను. మొదటి సంతకము నా తమ్మునిది.

గడపమీది దీపము ఇంటికిని వాకిటికిని వెలుగిచ్చుననుట దేహళీదీపన్యాయము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకట్టి గడపదీపమై యున్నది. ఇది దీర్ఘకాలము వెలుగవలెనని కోరుచున్నాను.