పరిచయ సంతకం

(భిలాయిలో మహిళా దినోత్సవం సందర్భంగా జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



నన్ను పిలిచినప్పుడు మేనేజరుగారు, "లైంగిక వేధింపుల చట్టం గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి మేడమ్, కాస్త తేలిగ్గా ఉండేట్టు చూడండి" అన్నారు. 2013 నాటి ఆ చట్టం గురించి చాలా బ్రాంచిల్లో మాట్లాడాను. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి, మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి. ఆ కాగితం మీ బ్రాంచి గోడ మీద ఉంది. ఈరోజు అది చదవను. నేను ఈ ఊళ్లో పుట్టినదాన్ని. మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను. ఇక్కడ మాట్లాడబోతున్నానని చెల్లికి చెప్పి వచ్చాను. అన్నయ్యకు చెప్పలేదు. మేమిద్దరం మాట్లాడుకుని ఏళ్లయింది.

1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు. ఆ తర్వాత కొన్నేళ్లకు మా నాన్నగారు పార్వతీపురంలో రైలెక్కి ఇక్కడికి వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు ఈ హాల్లో సగం మంది ఉంటారు, ఆ రోజులు మీకు నేను చెప్పక్కర్లేదు. నాన్నగారు రిటైరయ్యాక కూడా మా ముందుగదిలో సాయంత్రం పూట బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెప్పేవారు. పైసా తీసుకునేవారు కాదు. శ్రీరామనవమి పందిట్లో మొదటి తాంబూలం ఆయనకే. సెక్టారంతా ఆయన్ని మాస్టారూ అనే పిలిచేది. ఆయన దగ్గర నేర్చుకుని బ్యాంకుల్లో చేరినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇది దాచుకోను.

2015 వేసవిలో అన్నయ్య ఫోన్ చేశాడు. "నాన్నగారి మీద ఎవరో కక్షగట్టి కేసు పెట్టారే" అన్నాడు. నాన్నగారి దగ్గరకు లెక్కలకు వచ్చే అమ్మాయి ఫిర్యాదు చేసింది. ఇరవైరెండేళ్ల పిల్ల. మిగతావాళ్లు వెళ్లిపోయాక తనను ఆపి ఏం చేశారో రాసి ఇచ్చింది. పోలీసులు 354 సెక్షన్ కింద కేసు పెట్టారు. అప్పటి శిక్షాస్మృతి ప్రకారం అది స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో చేసిన దౌర్జన్యం. ఏడాది నుంచి ఐదేళ్ల వరకు జైలు. ఇప్పుడు న్యాయ సంహితలో అదే 74వ సెక్షన్.

నేను వచ్చేసరికి ఇల్లు నిండా జనం. పక్క క్వార్టరు ఆంటీ హిందీలో ఒకటే మాట అంటోంది, "మాస్టర్‌జీ ఐసా కర్ హీ నహీ సక్‌తే" అని. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది. "నువ్వు బ్యాంకు ఆఫీసరువి, ఆ పిల్ల నీ మాట వింటుంది. వెళ్లి మాట్లాడు. లక్షో, రెండు లక్షలో ఇద్దాం. కేసు వాపసు తీసుకోమను" అంది.

అప్పటికి నేను మా ఆఫీసు కమిటీలో సభ్యురాలిని. ఫిర్యాదు చేసిన స్త్రీ కోరితేనే రాజీ ప్రయత్నం జరగాలి, అందులో డబ్బు ప్రసక్తి ఉండకూడదు అని చట్టంలో రాసి ఉందని అందరికీ చెప్పేదాన్ని. 354 కేసు రాజీ చేసుకోవడానికి వీల్లేనిదనీ తెలుసు. అన్నీ తెలిసీ వెళ్లాను. ఈ హాల్లో ఎవరికైనా ఆ పని తగనిదనిపిస్తే నిజమే, తగనిదే.

వాళ్లమ్మ నాకు మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుంది. "అక్కా, మీరు కేసు గురించి వచ్చారా, నన్ను చూడ్డానికి వచ్చారా?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. బల్ల మీద లెక్కల నోటుపుస్తకం ఉంది, అందులో మా నాన్నగారి దస్తూరీ. నా చూపు అక్కడే ఉందని గమనించింది. "లెక్కలు బాగా చెప్పారక్కా. అదీ నిజమే" అంది. డబ్బు మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

తిరిగి వస్తుంటే చిన్నప్పటి స్నేహితురాలు గుర్తొచ్చింది. పదో తరగతిలో ఉన్నట్టుండి మా ఇంటికి రావడం మానేసింది. ఎందుకే అంటే, "మీ నాన్నగారు డ్యూటీకి వెళ్లాక వస్తాలే" అంది. అప్పుడు నవ్వుకున్నాను. ముప్పై ఏళ్లకు ఆ మాట నాకు అర్థమైంది. అర్థమైందని అనుకుంటున్నాను. ఆ స్నేహితురాలిని మళ్లీ అడిగే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.

మర్నాడు అన్నయ్య ఒక కాగితం తెచ్చాడు. మాస్టారు సచ్ఛీలుడని అరవై మంది సంతకాలు. కూతుళ్ల సంతకాలుంటే బలమని లాయరు చెప్పాడట. మన పాతకాలం వాళ్లకు తెలుసు, అప్పట్లో ఖాతా తెరవాలంటే పరిచయకర్త సంతకం కావాల్సి ఉండేది. ఆ సంతకానికి ఉన్న అర్థం ఒక్కటే, ఈ మనిషిని నేను ఎరుగుదును అని. అతను ఇస్తే చెక్కు చెల్లుతుందని దానికి అర్థం కాదు. ఆ అరవై మందీ ఎరిగింది పందిట్లో మాస్టారిని. తలుపేసిన ముందుగదిలో ఆ సాయంత్రం వాళ్లెవరూ లేరు. నేనూ లేను. లేనిదానికి సంతకం ఎలా పెట్టను? పెట్టనన్నాను. చెల్లీ పెట్టలేదు, కానీ అమ్మ దగ్గరే ఉండిపోయి మందులూ మాకులూ చూసుకుంది. "ఆయన నేర్పిన లెక్కలతో తెచ్చుకున్న ఉద్యోగమే నీది" అన్నాడు అన్నయ్య. ఆ ఒక్క మాటా ఇప్పటికీ తగులుతుంది, ఎందుకంటే అది అబద్ధం కాదు.

నాన్నగారిని ఒకసారి సూటిగా అడిగాను. "నువ్వు కూడానా అమ్మా?" అన్నారు. లేదు అనలేదు. అది సాక్ష్యం కాదని తెలుసు, కోర్టులో నిలిచే మాటా కాదు. ఆరోపణ వచ్చినవాడికి వాదించుకునే హక్కుంది, తేల్చాల్సింది న్యాయమూర్తి. కమిటీలో కూర్చున్నప్పుడు ఇరుపక్షాల మాటా వినేదాన్ని, ఇంట్లో మాత్రం ఒక పక్షం మాటే వినమన్నారు.

"తప్పుడు కేసులూ ఉంటాయి కదా మేడమ్" అని ప్రతి మీటింగులో ఒకరు అడుగుతారు. ఉంటాయి, దురుద్దేశంతో చేసిన ఫిర్యాదుకు ఆ చట్టంలోనే చర్య ఉంది. కానీ రుజువు చేయలేకపోవడం ఒక్కటే దురుద్దేశం కాదని కూడా అక్కడే రాశారు. ఇంకో సంగతి. దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో ఏటా నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లే. దొంగ కిటికీలోంచి వస్తాడని మనం కిటికీకి ఊచలు వేయించుకుంటాం.

అమ్మ గురించే ఎక్కువ ఆలోచించాను. 2023లో నటి ఖుష్బూ, తన ఎనిమిదో ఏట నుంచి తండ్రే తనను వేధించాడని బయటకు చెప్పారు. అమ్మ నమ్మదేమోనని భయపడ్డానని కూడా అన్నారు, ఏం జరిగినా భర్తే దేవుడనుకునే ఇల్లు అది. చదువులేక, డబ్బులేక అలా ఉంటారనుకుంటాం. కెనడా రచయిత్రి ఆలిస్ మన్రోకి 2013లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆడవాళ్ల మనసు ఆవిడకు తెలిసినట్టు ఎవరికీ తెలియదన్నారు. ఆవిడ చిన్న కూతురు ఆండ్రియా, తన తొమ్మిదో ఏట మారుతండ్రి తనతో ఎలా ప్రవర్తించాడో 1992లో తల్లికి ఉత్తరం రాసింది. తల్లి కొన్నాళ్లు విడిగా ఉండి మళ్లీ భర్త దగ్గరకే వెళ్లింది. 2005లో అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అయినా ఇంట్లోవాళ్లు నోరు మెదపలేదు. 2024లో తల్లి పోయాక ఆండ్రియా పత్రికలో రాస్తేనే లోకానికి తెలిసింది. నోబెల్ వచ్చిన ఇంట్లోనే అలా జరిగితే, ఏడో తరగతి చదివి పదిహేడో ఏట కాపురానికొచ్చిన మా అమ్మను నేనేమని నిలదీయను?

ఆ 2024లోనే, నవంబరులో మన సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి మీద లైంగిక వేధింపుల కేసు. ఆ పిల్ల తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు అలా కుదరదని కేసు మళ్లీ నడిపించమంది. అది చదివిన రాత్రి ఆ మంచినీళ్ల గ్లాసు గుర్తొచ్చింది.

మా కేసులో తీర్పు రాలేదు. 2019లో విచారణ నడుస్తుండగానే నాన్నగారు పోయారు. నిందితుడు చనిపోతే కేసు అక్కడితో మూతపడుతుంది. అన్నయ్య "నిర్దోషిగానే పోయారు" అంటాడు. కాదు, దోషి అనీ తేలలేదు, నిర్దోషి అనీ తేలలేదు. ఆ అమ్మాయికి మాత్రం నాలుగేళ్ల వాయిదాలు మిగిలాయి. పదకొండో రోజుకు నేనూ వచ్చాను. వడ్డన దగ్గర నన్ను ఎవరూ పలకరించలేదు, చెల్లి ఒక్కతే నా విస్తట్లో అన్నం పెట్టింది.

అమ్మ ఇప్పుడు అన్నయ్య దగ్గర ఉంటోంది. వాడు ఇంట్లో లేని వేళ చూసి నాకు ఫోన్ చేస్తుంది. ఆరోగ్యం, కూరలు, నా మోకాళ్ల నొప్పులు, ఇంతే మాట్లాడుకుంటాం. మొన్న దసరాకు చేసినప్పుడు అన్నీ అయ్యాక, "ఆ పిల్లకి పెళ్లయిందా?" అని అడిగింది. ఏ పిల్ల అని నేను అడగలేదు.

"అయిందమ్మా" అన్నాను.

చాలాసేపు ఏమీ అనలేదు. ఫోను పెట్టేయనూ లేదు.

సెలవు.