పూర్తికాని ఆటలు

పులిజూదము ఎరుగనివారు మన పల్లెలలో మునుపు అరుదు. దానికి కావలసిన సామగ్రి ఎంత? రచ్చబండమీద బొగ్గుతోనో సుద్దతోనో గీసిన ఒక పటము, 3 పులులకు 3 రాళ్లు, 15 మేకలకు 15 చింతగింజలు. పటము గీసినవాడే ఆటను కట్టినవాడు, మరుగడియలో ఆడువాడును వాడే. సగము గీయగానే ఇంటినుండి తల్లి కేక వేసినచో గీతలు అట్లే మిగిలిపోవును. మరునాటి వానకు అవియు ఉండవు. ఈనాటి ప్రసంగములో మేము చెప్పదలచినది ఇట్టి సగము గీతలను గూర్చియే. అయితే ఇవి బండమీదివి కావు, కంప్యూటరు తెరమీదివి.

కంప్యూటరు ఆటను కట్టుట చాలకాలము ప్రోగ్రాము వ్రాయ నేర్చినవారికే చెల్లిన పని. 1991 జనవరిలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమున టిమ్ స్వీనీ అను విద్యార్థి 'జెడ్.జెడ్.టి.' అను చిన్న ఆటను విడుదల చేసెను. ఆటకంటె, దానితో కలిపి యిచ్చిన పనిముట్టు ఎక్కువ పేరు తెచ్చుకొన్నది. దానితో ఎవరైనను తమ ఆటను తామే కట్టుకొనవచ్చును. అందులో బొమ్మలు లేవు, కంప్యూటరులో అప్పటికే ఉన్న అక్షరములు, గుర్తులు మాత్రమే. నవ్వుముఖము గుర్తు ఆటగాడు. గ్రీకు లిపిలోని 'పై' అను అక్షరము పులి! చింతగింజను మేక యనుకొన్న మనకు ఇందులో వింత ఏమియు తోపదు. గది వెడల్పు 60 గడులు, ఎత్తు 25 గడులు. రెండు మూడు చిన్న ఆజ్ఞలు వ్రాసినచో గోడమూలనున్న గుర్తుకూడ మాటలాడును. మరుసటి యేడు, అనగా 1992లో, జపానునందలి ఆస్కీ సంస్థ బొమ్మలతో ఊళ్లను, అడవులను పరచి కథ నడుపుటకు వీలైన పనిముట్టును వెలువరించెను. 'ఆర్.పి.జి. మేకర్' అను పేర ప్రపంచమంతట వ్యాపించిన పరంపరకు అది మొదలు.

ఈ పనిముట్లు చేతికి వచ్చిన పిల్లలు మొట్టమొదట చేయునది తమకు నచ్చిన ఆటకు తరువాయి కట్టుట. అట్టి అభిమానుల ఆటలు లెక్కకు మిక్కిలి, వానిలో ముగిసినవి కొద్ది. మేము కొన్ని నెలలుగా తీరిక సమయములలో ఈ ముగియని ఆటలలో సంచరించుచున్నాము. ఇది పెద్దలకు తగని వ్యాపకమని మా సహోద్యోగి ఒకరు సెలవిచ్చినారు. ఆయన బల్లమీద సగము పూరించిన గళ్ల నుడికట్లు ఎన్నియో కలవు.

ఈ ఆటలలోని మొదటి ఊరిలో ప్రతి కుండను తాకినను ఒక పలుకు పలుకును. రెండవ ఊరిలో ఇండ్లున్నవి, తలుపులు తెరువవు. మూడవ ఊరు ఉత్త పచ్చని నేల. పనిముట్టు ఆరంభమును సులభము చేసినదే కాని నడిమి శ్రమను తగ్గింపలేదు. పరీక్షలు వచ్చును, యంత్రము చెడును, కథ మొదలుపెట్టినవానికి మీసములు మొలుచును. అయినను ముగిసిన ఆటలకంటె వీనియందే మాకు మక్కువ హెచ్చు. కట్టినవానికి ఏది ముఖ్యమో, దేనిని ముందుగా తీరిచిదిద్దినాడో ఇక్కడ దాపరికము లేక కనబడును.

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, పెన్నానది వెలిగొండలను దాటి మైదానమునకు దిగుచోట సోమశిల యున్నది. 1975లో మొదలై 1989లో ముగిసిన ఆనకట్ట వెనుక 78 టి.యం.సి.ల నీరు నిలుచు జలాశయము, ఆ నీటి క్రింద ఎగువనున్న కడప జిల్లా పల్లెలు కొన్ని ఉన్నవి. సోమశిలలో మా మిత్రుని మేనల్లుడు 'ఆర్.పి.జి. మేకర్ ఎక్స్.పి.'తో ఒక ఆట కట్టినాడు. చిన్నతనమున టెలివిజనులో చూచిన పోకెమాన్ జంతువులే అందులోని జంతువులు. "ఇంకా అయిపోలా సార్, నవ్వబాకండి" అనుచు చూపినాడు.

ఆనకట్ట ఉన్నది, ఉదయగిరి కొండ ఉన్నది. ఆత్మకూరు బస్సు ఎక్కినచో తెర నల్లబడి ఊరకుండును. అయితే జలాశయపు గట్టున ఒక మెట్లదారి కలదు. అది దిగినచో నీటి క్రింద ఒక వీధి వచ్చును. అది వాని అవ్వ పుట్టిన ఊరు, ముంపునకు పోయినది. 11 ఇండ్లు, వేపచెట్టు, బావి. అవ్వకు 80 ఏండ్లు దాటినవి. ఆమెను తెరముందు కూర్చుండబెట్టి అడిగి అడిగి గీసినాడట. "బావి ఇటు కాదురా, అటు" అని మూడుసార్లు తీయించి మూడుసార్లు వేయించినదట. ఆరు ఇండ్లకు మాత్రమే తలుపులు తెరచుకొనును. తక్కిన ఐదింటివారి పేర్లు ఆమెకు అప్పుడప్పుడు తలపునకు వచ్చి మరల జారిపోవుచున్నవి.

ఆట ఎందుకు ఆగినదని అడిగితిమి. కారణము తీరిక లేమి కాదు, తెలుగు లిపి! యూనికోడ్ అను లిపిసంకేత పట్టిక మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగు చేరినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.తో 'గౌతమి' అను తెలుగు అక్షరరూపము వచ్చినది. అయినను ఈ పనిముట్టు సంభాషణను వ్రాయుతీరు వేరు. వాక్యములోని సంకేతములను ఒక్కటొక్కటిగా తీసి పక్కపక్కన గీయును. ఇంగ్లీషునకు అది చాలును. తెలుగులో 'అవ్వ' అను చిన్నమాటకే నాలుగు సంకేతములు: అ, వ, పొల్లు, మరల వ. విడివిడిగా గీసినప్పుడు వత్తు వత్తుగా క్రిందికి దిగక, పొల్లు ఒంటరిగా నిలిచి, మాట తునకలగును. కనుక ఆ కుఱ్ఱవాడు అవ్వ పలికిన ప్రతి వాక్యమును బొమ్మగా గీసి తెరపై అంటించినాడు. అట్లు 40 వాక్యములైన పిమ్మట చేయి ఆడలేదు. ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయరాదా యంటిమి. "అవ్వ చదవలేదు గదా సార్" అని బదులు చెప్పెను.

మరియొక చిక్కు కలదు. 'పోకెమాన్ యురేనియం' అను అభిమానుల ఆట ఈ పనిముట్టుతోనే 9 ఏండ్లు శ్రమించి కట్టినది. 2016 ఆగస్టులో వెలువడినది. నింటెండో సంస్థ పక్షమున న్యాయవాదులు నోటీసు లిచ్చిన తరువాత కట్టినవారే దానిని వెంటనే ఉపసంహరించిరి. పరుల జంతువులను వాడుకొనుట న్యాయమా యను ప్రశ్న ఉన్నమాట నిజమే. కాని సోమశిల ఆటలో ఆ జంతువులను తీసివేసినను వీధికి లోటు లేదని మా అభిప్రాయము. కుఱ్ఱవాడు ఇందుకు అంత తేలికగా ఒప్పుకొనలేదు. జంతువులు లేనిది తన స్నేహితులు ఆడరట.

ఇట్టివి నిలుచుటకు మార్గములు లేకపోలేదు. జెడ్.జెడ్.టి. మూలప్రోగ్రాము ఎన్నడో పోయినది. దానిని అభిమాని యొకడు పునర్నిర్మించి, స్వీనీ అనుమతితో 2020లో అందరికి ఉచితముగా ఇచ్చెను. ఆర్.పి.జి. మేకర్ 2000, 2003 కూర్పుల ఆటలను నేటి యంత్రములపై నడుపుటకు 'ఈజీ ఆర్.పి.జి.' అను ఉచిత సాధనము కలదు. కాని సాధనము ఆటను నడుపునే గాని, చెడిపోయిన డిస్కులోని ఆటను వెలికి తీయదు.

సోమశిల ఆట మొన్నటివరకు ఒక పాత కంప్యూటరులో మాత్రమే ఉండెను. మా మాటమీద దానిని రెండు పెన్‌డ్రైవులలోనికి ఎక్కించినాడు. ఒకటి ఇంట నున్నది. రెండవదానిని ఆత్మకూరులోని వాని పినతల్లి కొడుకు, ఏడవ ఇంటినుండి తాను కొనసాగింతునని తీసికొనిపోయినాడు. ఆ యింటివారి పేరు అవ్వకు ఇంకను తలపునకు రాలేదు.