ఇంజిన్ ఆగినా కన్ను మూయకూడదు

(పాడేరు ఏజెన్సీ యువతీ యువకుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం. అడిగిన వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి రాతలో పెడుతున్నాం.)



నాకు ఇచ్చిన అంశం చూసి కొందరు నవ్వారు. పొద్దున్నుంచి అటవీ హక్కుల చట్టం, పీసా, గ్రామసభ అని మాట్లాడుకున్నాం. ఇప్పుడు బండి అద్దానికి పెట్టే కెమెరా గురించి, దానికి కరెంటు ఇచ్చే పవర్ బ్యాంక్ గురించి మాట్లాడమన్నారు. ఇది కూడా హక్కుల మాటే. ఎందుకో ముందు చెప్తాను, ఎలాగో తర్వాత చెప్తాను.

మన దారుల్లో ఏం జరిగినా సాక్ష్యం మనోళ్ల నోటి మాటే. ఆ మాటకు ఆఫీసుల్లో విలువ ఎంతో మీకు తెలుసు. 2007 ఆగస్టులో వాకపల్లిలో 11 మంది కోందు మహిళలు పోలీసు బలగాలు తమపై అత్యాచారం చేశాయని ఫిర్యాదు చేశారు. 2023లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను విడుదల చేసింది. దర్యాప్తు సరిగా చేయలేదని ఆ కోర్టే చెప్పింది, ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. పదహారేళ్లు పోరాడిన అక్కలకు దక్కింది అది. అక్కడ కెమెరా ఉంటే న్యాయం జరిగేదని నేను అనడం లేదు. అలాంటి మాట అనడం ఆ అక్కల పోరాటాన్ని చిన్నబుచ్చడమే. నేను చెప్పేది ఒకటే. సాక్ష్యం సేకరించాల్సిన వాళ్లు సేకరించకపోతే కేసు నిలబడదు. అందుకే మన చేతిలో ఉన్నంత మేర సాక్ష్యాన్ని మనమే కాపాడుకోవడం నేర్చుకోవాలి.

పోయిన వర్షాకాలం సంగతి ఒకటి. మా వైపు సంత నుంచి వస్తున్న జీపును రాత్రిపూట ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపారు. గంజాయి తనిఖీ అన్నారు. లోపల జ్వరంతో కాలిపోతున్న పిల్ల ఉంది. సుమారు రెండు గంటలు ఉంచారు. తర్వాత మేం అడగడానికి వెళ్తే "పది నిమిషాలే ఆపాం" అన్నారు. జీపులో కెమెరా ఉంది. కానీ "ఇంజిన్ ఆపు" అనగానే డ్రైవర్ తాళం తిప్పాడు, కెమెరా కూడా ఆగిపోయింది. రికార్డులో ఉన్నది బండి వచ్చి ఆగడం, మళ్లీ కదలడం. మనకు కావాల్సింది ఆ మధ్యలో జరిగింది.

ఈ రోజు పాఠం అంతా అక్కడే ఉంది. బండి సాకెట్‌కు తగిలించిన కెమెరా చాలా బండ్లలో ఇంజిన్‌తో పాటే నిద్రపోతుంది. మనకు అది మెలకువగా ఉండాల్సింది బండి ఆగినప్పుడు. చెక్‌పోస్టులో, కొండచరియ పడి దారి మూసుకుపోయినప్పుడు, వాగు పొంగి ఇవతలే గర్భిణి ఆగిపోయినప్పుడు. పైగా మన వైపు తిరిగే పాత జీపుల్లో, ఆటోల్లో చాలావాటికి సాకెట్టే ఉండదు. ఫ్యూజు బాక్సు నుంచి వైరు లాగుతామంటే బండి ఓనరు ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడంలో న్యాయం కూడా ఉంది. పవర్ బ్యాంక్ అయితే ఎవరి బండినీ కోయక్కర్లేదు. ఈ రోజు జీపులో, రేపు ఆటోలో, ఎల్లుండి బైకు మీద.

ఇప్పుడు లెక్క. ఇది నోట్ చేసుకోండి.

మామూలు డాష్ కెమెరా 5 వోల్టుల మీద నడుస్తుంది. మన ఫోన్ చార్జర్ ఇచ్చేదీ అదే. కాబట్టి పవర్ బ్యాంక్ యూఎస్‌బీ నుంచి నేరుగా ఇవ్వొచ్చు. ఒక్క కెమెరా ఉన్నది సుమారు అర ఆంపియర్ నుంచి ఒక ఆంపియర్ లోపు తీసుకుంటుంది. కెమెరాతో వచ్చిన అడాప్టర్ మీద 2 ఆంపియర్లు అని రాసి ఉంటే భయపడకండి. అది అడాప్టర్ ఇవ్వగలిగింది, కెమెరా తినేది కాదు.

పవర్ బ్యాంక్ మీద 10,000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. అంటే 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది. చేతికొచ్చేది 30 చిల్లర అనుకోండి. కెమెరా 5 వోల్టుల్లో అర ఆంపియర్ తీసుకుంటే రెండున్నర వాట్లు, అంటే 12 గంటలు నడుస్తుంది. 4 వాట్లు తినే కెమెరా అయితే ఏడు గంటలు దాటి వస్తుంది. ముందూ వెనకా రెండు కెమెరాలుంటే ఇంకా తగ్గుతుంది. తెల్లారి సంతకు పోయి చీకటి పడ్డాక వచ్చే బండికి 20,000ది తీసుకుంటే నిశ్చింత. లెక్క ఎంత చేసినా ఒకరోజు ఇంట్లో పెట్టి, ఎన్ని గంటలకు ఆగిందో చూడండి. ఆ అంకెనే నమ్మండి.

కొనేటప్పుడు డబ్బా మీద చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఉంటుంది, అది చదవండి. బీఐఎస్ గుర్తు, రిజిస్ట్రేషన్ నంబర్ లేనిది సంతలో ఎంత చవకగా వచ్చినా వద్దు. లిథియం బ్యాటరీ అది, నాసిరకం అయితే బండిలో నిప్పు పెట్టుకున్నట్టే. "ఫాస్ట్ చార్జింగ్ బ్యాంక్ కదా, ఎక్కువ వోల్టేజీ వచ్చి కెమెరా కాలిపోదా?" అని ఒక తమ్ముడు అడిగాడు. కాలదు. తగిలించిన వస్తువు అడిగితేనే అది 9 వోల్టులు ఇస్తుంది, అడగకపోతే 5 దగ్గరే ఉంటుంది.

వైరు దగ్గర చాలామంది మోసపోతారు. సన్నగా పొడుగ్గా ఉన్న వైరులో వోల్టేజీ దారిలోనే పడిపోతుంది, కెమెరా మాటిమాటికీ ఆగి మొదలవుతుంది. పొట్టిది, మందంగా ఉన్నది వాడండి. రెండు వైపులా టైప్ సీ ఉన్న వైరుతో కొన్ని చవక కెమెరాలు అసలు వెలగవు. అప్పుడు ఒకవైపు పాత పెద్ద యూఎస్‌బీ ఉన్న వైరు పెట్టి చూడండి.

బండికి సాకెట్ ఉంటే ఇంకో పద్ధతి ఉంది. సాకెట్ నుంచి పవర్ బ్యాంక్‌కి, బ్యాంక్ నుంచి కెమెరాకి. నడిచేటప్పుడు బ్యాంక్ నిండుతుంది, ఆగినప్పుడు కెమెరాను మోస్తుంది. కానీ అన్ని బ్యాంకులూ ఇటు తాగుతూ అటు పోయలేవు. కొన్ని సాకెట్ కరెంటు పోయిన క్షణంలో ఒక్కసారి రెప్ప వేస్తాయి, కెమెరా మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. ఇంజిన్ ఆపి, ఆన్ చేసి మూడు నాలుగుసార్లు పరీక్షించాకే నమ్మండి. ఇంకోటి, ఏమీ కదలనప్పుడు కెమెరాను పడుకోబెట్టే పార్కింగ్ మోడ్ ఉంటుంది. అప్పుడు కెమెరా మరీ తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి ఏదీ తగిలించి లేదనుకుని బ్యాంక్ తనంతట తానే ఆగిపోవచ్చు. ఆ మోడ్ వద్దు, మామూలు రికార్డింగే నడవనివ్వండి. బండి ఇంటికి చేరాక చేత్తో ఆపడం డ్రైవర్ పని. లేకపోతే తెల్లారేసరికి బ్యాంక్ ఖాళీ.

బ్యాంక్‌ను అద్దం కింద ఎండలో పెట్టొద్దు. లంబసింగిలో చలి ఉంటుందేమో గానీ, చింతూరు వైపు ఏప్రిల్ ఎండలో మూసి ఉంచిన బండి పొయ్యిలా ఉంటుంది. సీటు కింద గాలి తగిలే చోట, వాన చినుకు పడని చోట, దొర్లకుండా కట్టి పెట్టండి. ఉబ్బిన బ్యాంక్‌ను ఒక్కరోజు కూడా వాడొద్దు. కెమెరా డ్రైవర్ చూపుకు అడ్డం రాకూడదు. సాక్ష్యం కోసం పెట్టింది ప్రమాదం తేకూడదు కదా.

ఇక కార్డు. కెమెరా పాతది చెరిపి కొత్తది రాస్తూ పోతుంది. కుదుపు తగిలితే ప్రమాదం అనుకుని ఆ ముక్కను తాళం వేసి దాస్తుంది. సిటీ రోడ్డుకు అది బాగుంటుంది. మన రోడ్డుకు ప్రతి గుంతా ప్రమాదమే! గంటలో కార్డంతా తాళాలతో నిండి రికార్డింగ్ ఆగుతుంది. కాబట్టి ఆ సెన్సర్‌ను అన్నిటికన్నా తక్కువలో పెట్టండి, లేదా తీసేయండి. ఎక్కువకాలం రాసి చెరపడానికి తట్టుకునే హై ఎండ్యూరెన్స్ కార్డు తీసుకోండి. తేదీ, టైమ్ ప్రతి ప్రయాణం ముందు చూడండి. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయిన కెమెరా ఏ సంవత్సరమో చూపిస్తుంది. అవతలి వకీలుకు అదొక్కటి చాలు.

ఏదైనా జరిగిన రోజు ఏం చేయాలి? మొదట రికార్డింగ్ ఆపి కార్డు తీసేయండి. లేకపోతే దాని మీదే కొత్తది రాసేస్తుంది. ఆ కార్డును కవర్లో పెట్టి, తేదీ, బండి నంబర్, ఎవరు తీశారో రాసి, ఇద్దరు సంతకాలు పెట్టండి. వాట్సాప్‌లో పంపింది సాక్ష్యం అనుకోవద్దు, అక్కడ వీడియో నలిగిపోతుంది. 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాపీ ఇస్తే సర్టిఫికెట్ తప్పనిసరి, అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టులో పెట్టి రుజువు చేస్తే అక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ఆ సర్టిఫికెట్ గురించే. అందులో హాష్ వాల్యూ రాయాలి. హాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి. ఒక్క చుక్క మారినా వేలిముద్ర మారిపోతుంది. సర్టిఫికెట్‌లో ఒక భాగం మనం నింపాలి, రెండో భాగం నిపుణుడు నింపాలి. కంప్యూటర్ చదివిన మన పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు. హాష్ తీయడం ఒక్క పూటలో నేర్చుకోవచ్చు.

తనిఖీ గురించి ఇంకో మాట. సోదా, స్వాధీనం చేసేటప్పుడు ఆడియో వీడియో తీయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ పోలీసుల మీదే బాధ్యత పెట్టింది. అంటే చట్టమే కెమెరా కావాలంటోంది. "సార్, మీ రికార్డింగ్ నడుస్తోందా?" అని మర్యాదగా అడగండి. గంజాయి చట్టంలో 50వ సెక్షన్ ప్రకారం ఒంటి మీద సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి దగ్గరకో, మేజిస్ట్రేట్ దగ్గరకో తీసుకెళ్లమని అడిగే హక్కుంది. బండి సోదాకు, సంచి సోదాకు అది వర్తించదు, గుర్తుంచుకోండి. కెమెరా ఉందని ఎవరితోనూ వాదనకు దిగొద్దు, చేయి అడ్డం పెట్టొద్దు. కార్డు తీసుకుంటామంటే పంచనామాలో రాయించి కాపీ అడగండి. నిషేధిత ప్రాంతం అని బోర్డు ఉన్నచోట ఆపేయండి.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన మాట. కెమెరా మనమీద కూడా తిరగగలదు. నొప్పులు పడుతున్న అక్క ముఖం తీసి "చూడండి మా బతుకు" అని పేజీలో పెట్టే హక్కు మనకు లేదు. డోలీలో ఉన్నది మన ప్రచారం బొమ్మ కాదు, ఒక మనిషి. కెమెరా రోడ్డు వైపే ఉండాలి. బండి లోపల మాటలు రికార్డు కాకుండా మైకు ఆపి ఉంచాలి, అవసరమైనప్పుడే అందరికీ చెప్పి ఆన్ చేయాలి. బండి ఎక్కేవాళ్లకు కెమెరా ఉందని మన భాషలో చెప్పాలి. ఎవరి దగ్గర కార్డులుంటాయి, ఎన్ని రోజులుంచాలి, ఎవరికి ఇవ్వాలి అన్నది కెమెరా కొన్నవాడు కాదు, గ్రామసభ తీర్మానించాలి. మన భూమి మీద, అడవి మీద గ్రామసభ మాటే చెల్లాలని కొట్లాడేవాళ్లం, మన బొమ్మల మీద దాని మాట వద్దంటామా?

ఈ డబ్బా రోడ్డు వేయదు, డాక్టర్‌ను తేదు. రాత్రిపూట నంబర్ ప్లేట్ కూడా సరిగా కనిపించదు. కానీ "అంబులెన్స్ ఎంతవరకు రాగలిగింది, అక్కడి నుంచి ఎంతసేపు మోశారు" అన్నదానికి టైమ్‌తో సహా లెక్క ఉంటుంది. వారం వారం అదే గుంత, అదే విరిగిన కల్వర్టు తేదీలతో కనిపిస్తే "పని పూర్తయింది" అని కాగితం మీద రాసినవాడు జవాబు చెప్పాలి. ఆ కాగితానికి ఎదురు మన దగ్గర కూడా ఒక కాగితం ఉంటుంది.

పని పంచుకుందాం. ప్రతి పంచాయతీ నుంచి ఇద్దరు, అందులో ఒక చెల్లెలు తప్పకుండా ఉండాలి. సంతకు తిరిగే ఒక్క బండితో మొదలుపెట్టండి. డ్రైవర్ అన్న ఒప్పుకుంటేనే పెట్టండి, రేపు ఇబ్బంది వస్తే ముందు ఆయనకే వస్తుంది, అప్పుడు మనం పక్కన నిలబడాలి. కరెంటు కోతలున్న ఊళ్లలో సంత రోజు ముందు రాత్రే బ్యాంక్ నింపి ఉంచండి. నెల తర్వాత మళ్లీ కూర్చుని ఏ బ్యాంక్ ఎన్ని గంటలు నిలిచిందో, ఏ వైరు మోసం చేసిందో, గ్రామసభలో ఏమన్నారో చెప్పుకుందాం.

జల్, జంగల్, జమీన్ మనవి. మన దారి మీద జరిగినదాని రికార్డు కూడా మనదే కావాలి.

జై ఆదివాసీ! అమరులకు జోహార్!