ఎవరి జేబులోనూ లేని ఓటు: అమెరికా హిస్పానిక్‌ల కథ
(ప్రసంగ పాఠం)



యువత, ఓటు హక్కు అనే అంశం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. మన సంగతి చెప్పడానికి నాకన్నా బాగా తెలిసిన పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. అందుకని నేను మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్తాను. 2024 నవంబరులో అమెరికా ఫలితాలు వచ్చినప్పుడు స్టడీ అవర్‌లో ఒక ఇంటర్ అమ్మాయి నన్ను అడిగింది: "మేడమ్, వలస వచ్చినవాళ్ళని పంపించేస్తానన్న ట్రంప్‌కి ఆ వలస వచ్చినవాళ్ళే ఎందుకు ఓటేశారు?" మంచి ప్రశ్న. పెద్ద పెద్ద పార్టీల వాళ్ళు కూడా ఇలాగే అనుకున్నారు కాబట్టే దెబ్బ తిన్నారు.

ముందు ఒక మాట. హిస్పానిక్‌లంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు. లాటినోలని కూడా అంటారు. 2020 జనగణనలో వీళ్ళు 6 కోట్ల 21 లక్షల మంది, అంటే దేశంలో దాదాపు 19 శాతం. అందరూ వలస వచ్చినవాళ్ళు కారు. 1848లో మెక్సికో యుద్ధంలో ఓడిపోయి సగం దేశాన్ని అమెరికాకి అప్పగించింది. అప్పటికే అక్కడ కాపురాలున్నవాళ్ళు ఏ సరిహద్దూ దాటలేదు. సరిహద్దే జరిగి వాళ్ళ ఊళ్ళకి అవతల పడింది. ప్యూర్టోరికో వాళ్ళు 1917 నుంచీ అమెరికా పౌరులే. కానీ ఆ దీవిలో ఉన్నంతకాలం అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. ఫ్లోరిడాకో న్యూయార్క్‌కో మకాం మారిస్తే ఉంటుంది! ఇక క్యూబా వాళ్ళు 1959లో కాస్ట్రో వచ్చాక పారిపోయి వచ్చారు. సోషలిజం మాట వినపడితే చాలు మండిపడతారు, ఎక్కువమంది రిపబ్లికన్లకే ఓటేస్తారు. ఇంతమందినీ ఒకే పేరు కింద రాయడమంటే కోయ, గోండు, సవర, చెంచు, లంబాడీ అందరినీ ఎస్టీ అని ఒకే గడిలో రాసినట్టే. గడి ఒక్కటే, మనసులు ఒక్కటి కావు.

టెక్సాస్‌లో క్రిస్టల్ సిటీ అని చిన్న ఊరుంది. పాలకూర పండించే ఊరు. కార్టూన్లలో పాలకూర తిని బలం తెచ్చుకునే పొపాయ్‌కి అక్కడ విగ్రహం కూడా పెట్టారు. జనంలో ఎక్కువమంది మెక్సికన్ మూలాల కూలీలు. ఎండాకాలం రాగానే కుటుంబాలకు కుటుంబాలు బీట్ దుంపల పనికి ఉత్తరాది రాష్ట్రాలకి వెళ్ళిపోయేవి. ఊళ్ళో పెత్తనమంతా కొద్దిమంది తెల్లవాళ్ళది. ఎందుకంటే ఓటెయ్యాలంటే పన్ను కట్టాలి. టెక్సాస్‌లో 1902 నుంచి ఆ పన్ను ఉండేది, తలకి డాలరున్నర పైమాటే. అదీ ఎన్నికలకి నెలల ముందే, జనవరి ఆఖరులోగా కట్టెయ్యాలి. కూలివాడు పిల్లలకి చెప్పులు కొంటాడా, ఎప్పుడో వచ్చే ఓటుకి పన్ను కడతాడా? అయినా 1963లో కూడబలుక్కుని పన్నులు కట్టి, నగర మండలిలో ఉన్న ఐదు స్థానాలూ గెలిచారు. రెండేళ్ళకే అవి చేజారాయి.

మళ్ళీ కదలిక తెచ్చింది పిల్లలు. అక్కడి హైస్కూల్లో ఆటల పోటీలప్పుడు జట్టును హుషారు చేసే చీర్‌లీడర్లని ఎంపిక చేసేవారు. బడిలో ఎక్కువమంది మెక్సికన్ పిల్లలే అయినా వాళ్ళలో ఒక్కరికే చోటు. ఇది చిన్న విషయమని మనకనిపిస్తుంది. పిల్లలతో ఇరవై నాలుగ్గంటలూ ఉండేదాన్ని కాబట్టి చెబుతున్నాను, వాళ్ళకి అవమానం ఇలాంటి చిన్న చోటే ముందు తెలుస్తుంది. 1969 డిసెంబరులో పిల్లలు బడి మానేసి బయటికొచ్చారు. స్పానిష్ మాట్లాడితే శిక్షించకూడదని, తమవాళ్ళలోంచి టీచర్లు కావాలని, రెండు భాషల్లోనూ చదువు చెప్పాలని అడిగారు. తల్లిదండ్రులు వెనక నిలబడ్డారు. జనవరికల్లా బోర్డు దిగొచ్చింది. ఆ ఊపులోనే హోసె ఆంహెల్ గుటియెరెస్ లాంటి యువకులు లా రాసా ఉనీదా అనే సొంత పార్టీ పెట్టి, 1970 ఏప్రిల్‌లో ఆ పాఠశాల బోర్డునే గెలుచుకున్నారు. ముందు నిలబడిన పిల్లల్లో సెవెరీటా లారా అనే అమ్మాయి పెద్దయ్యాక అదే ఊరికి మేయరైంది. పార్టీ మాత్రం పదేళ్ళు నిలవలేదు.

పార్టీ నిలవకపోయినా పని ఆగలేదు. శాన్ ఆంటోనియోలో విల్లీ వెలాస్కెస్ 1974లో ఓటర్ల నమోదు కోసం ఒక సంస్థ పెట్టాడు. పెద్ద సిద్ధాంతాలు కాకుండా మురుగుకాలువ, రోడ్డు, బడి గురించి మాట్లాడుతూ ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయించారు. 1975లో ఓటు హక్కు చట్టాన్ని సవరించి, స్పానిష్ వంటి భాషలు మాట్లాడేవాళ్ళు తగినంతమంది ఉన్నచోట వాళ్ళ భాషలో కూడా బ్యాలెట్ ఇవ్వాలన్నారు. మనం గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. ఆ సవరణలో నవహో వంటి అమెరికా ఆదివాసీ భాషలు కూడా ఉన్నాయి. రాత లేని భాష అయితే పోలింగ్ కేంద్రంలో నోటితో చెప్పి సాయం చెయ్యాలి.

1994లో కాలిఫోర్నియాలో ప్రతిపాదన 187 అని ప్రజల ఓటుకి పెట్టారు. కాగితాలు లేని వలసదారుల పిల్లలకి ప్రభుత్వ బడి ఉండదు, అత్యవసరమైతే తప్ప ప్రభుత్వ వైద్యం అందదు. అనుమానం వస్తే టీచర్లే పిల్లల వివరాలు అధికారులకి చెప్పాలి. టీచరు చేత చేయించే పనేనా ఇది? రిపబ్లికన్ గవర్నర్ పీట్ విల్సన్ దాన్ని సమర్థించి మళ్ళీ గెలిచాడు, ప్రతిపాదనా నెగ్గింది. తర్వాత కోర్టు అడ్డుకుంది. కానీ అప్పటిదాకా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టని లక్షలమంది కోపంతో, భయంతో పెట్టుకుని ఓటర్లయ్యారు. 1988 తర్వాత కాలిఫోర్నియా ఏ రిపబ్లికన్ అభ్యర్థినీ అధ్యక్షుడిగా బలపరచలేదు. దానికి వేరే కారణాలూ ఉన్నాయి, ఇదీ ఒకటి.

ఇక్కడే డెమోక్రాట్లకి ధీమా పుట్టింది. వీళ్ళ జనాభా పెరిగేకొద్దీ మన ఓట్లూ పెరుగుతాయి, బ్యాంకులో డిపాజిట్ లాగా, అనుకున్నారు. 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రోమ్నీకి హిస్పానిక్‌లలో నూటికి 27 మందే వేశారని పోలింగ్ బయట చేసిన సర్వేలు చెప్పాయి. దాంతో మరుసటి ఏడు రిపబ్లికన్ పార్టీయే, వలస విధానం మార్చుకోకపోతే మనకి పుట్టగతులుండవని నివేదిక రాసుకుంది. ట్రంప్ వచ్చి సరిగ్గా దానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. అయినా 2024లో ఆయనకి నూటికి 46 మంది వేశారు!

స్టార్ కౌంటీ చూడండి. టెక్సాస్‌లో రియో గ్రాండే ఒడ్డున ఉన్న పేద కౌంటీ, నూటికి 97 మంది హిస్పానిక్‌లు. 2012లో ఒబామాకి 86 శాతం. 2016లో హిల్లరీ క్లింటన్‌కి 79. 2020లో బైడెన్‌కి 52. 2024లో ట్రంప్ గెలిచాడు. 1892 తర్వాత ఆ కౌంటీలో అధ్యక్ష పదవికి రిపబ్లికన్ గెలవడం అదే మొదటిసారి. ఇదంతా ఒక్క రాత్రిలో జరగలేదు. పుష్కరకాలంగా గట్టు కోసుకుపోతుంటే చూడవలసినవాళ్ళు చూడలేదు.

ఎందుకంటే, అక్కడి కుర్రాళ్ళకి జీతమిచ్చేది చమురు బావులు, సరిహద్దు గస్తీ ఉద్యోగాలు. చమురు తగ్గించాలన్న మాట వాళ్ళకి అన్నం గిన్నె లాగేసినట్టు వినిపించింది. కోడిగుడ్లు, పెట్రోలు, ఇంటి అద్దె పెరిగాయి. తాతల కాలం నుంచీ అక్కడే ఉన్నవాళ్ళని డెమోక్రాట్లు వలస సమస్యగా మాత్రమే చూశారు. నా ఉద్దేశంలో అసలు తప్పు అదే. ఎన్నికలప్పుడు స్పానిష్‌లో రెండు ముక్కలు మాట్లాడితే చాలనుకున్నారు. మగవాళ్ళు ఎక్కువగా మారారు, ఆడవాళ్ళు కొంత తక్కువ. అలాగని అందరూ పార్టీ మారిపోయారనుకోకండి. దక్షిణ టెక్సాస్‌లో ట్రంప్ ముందున్న నియోజకవర్గాల్లోనే కాంగ్రెస్‌కి మాత్రం డెమోక్రాట్లయిన హెన్రీ క్వెయార్, విసెంటె గొంజాలెస్‌లని గెలిపించారు. మనిషిని చూసి వేశారన్నమాట.

అక్కడ మనకున్నట్టు రిజర్వుడు సీట్లు లేవు. నియోజకవర్గం గీతలు ఎలా గీస్తారన్నదాని మీదే చాలావరకు ఆధారం. అందుకే ఓటు వెయ్యకపోతే వాళ్ళకి రెట్టింపు నష్టం. 2024లో ఓటు హక్కున్న హిస్పానిక్‌లు మూడు కోట్ల అరవై లక్షల పైనే. పోలింగ్ కేంద్రం దాకా వచ్చేవాళ్ళ శాతం మాత్రం తెల్లవాళ్ళతో పోలిస్తే ఇప్పటికీ బాగా తక్కువ. ఇంటికొచ్చి అడిగేవాళ్ళు లేకపోవడం దీనికొక కారణం. ఎలాగూ మనవాళ్ళేనని ఒకరు, ఎలాగూ మనకి వెయ్యరని ఇంకొకరు గుమ్మం ఎక్కలేదు.

చివరగా న్యూజెర్సీలో పసాయిక్ అనే కౌంటీ సంగతి. హిస్పానిక్‌లు పెద్ద సంఖ్యలో ఉన్న చోటు. 2024లో ట్రంప్ అక్కడ గెలిచాడు. ఇక ఇది రిపబ్లికన్ల ఖాతాయేనని కొందరు రాసుకున్నారు కూడా. ఆ తర్వాత ధరలు దిగలేదు, వీధుల్లో వలస అధికారుల అరెస్టులు పెరిగాయి. సరిగ్గా ఏడాదికి, 2025 నవంబరు గవర్నర్ ఎన్నికల్లో, అదే కౌంటీ డెమోక్రాట్ అయిన మికీ షెరిల్‌ని గెలిపించింది. మా ఇంటర్ పిల్లలు ఈ మ్యాపులు పక్కపక్కన పెట్టి చార్టు తయారుచేశారు. సభ అయ్యాక తెర మీద చూపిస్తారు, ప్రశ్నలుంటే వాళ్ళనే అడగండి.